దంతముల క్లిప్పులు: ఆపద వేళ చేయదగినవి, చేయరానివి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదు సంవత్సరములపాటు ఒక గ్రామము తన గ్రంథాలయమును మూతపడనీయక నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. ఉదయమునుండి పండితులు సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు చక్కగా ప్రసంగించిరి. నా వంతు వచ్చునప్పటికి మిగిలినవి పళ్ళు మాత్రమే. కార్యదర్శిగారు నన్ను పిలుచుటకు వచ్చినప్పుడు, "మా ఊరి పిల్లలు పలువురు పట్నము పోయి క్లిప్పులు పెట్టించుకొనుచున్నారండీ. తీగ గుచ్చుకొన్నదనియు, బిళ్ల ఊడినదనియు రాత్రివేళ ఇంటిల్లిపాది కంగారు పడుచున్నారు. ఆ సంగతి నాలుగు మాటలు చెప్పవలెను" అని కోరిరి. నేను వేదిక ఎక్కగానే ముందు వరుసలోని పిల్లలు కొందరు నోరు గట్టిగా మూసికొనిరి. భయపడనక్కర లేదు, నేడు నా చేత పనిముట్లు లేవు.

క్లిప్పులని మనము వాడుకగా పిలుచు సాధనములో ముఖ్యముగా నాలుగు భాగములు ఉండును. ప్రతి పంటి ముందువైపున జిగురుతో అంటించు చిన్న బిళ్ల మొదటిది. వైద్యులు దీనిని బ్రాకెట్టు అందురు. ఆ బిళ్లల గాడులలోనుండి సాగిపోవు తీగ రెండవది. తీగను బిళ్లకు బిగించి పట్టు చిన్న రబ్బరు ఉంగరములు మూడవవి. వెనుక దవడపంటికి తొడిగిన లోహపు పట్టీ గాని, అచ్చట అంటించిన చిన్న గొట్టము గాని నాలుగవది. తీగ చివర దానిలో దూరి ఆగును. నోటిలో ఏదైనను తప్పినప్పుడు, ఈ నాలుగింటిలో తప్పినది ఏదో చెప్పగలిగినచో వైద్యునికి ఫోనులోనే సగము సంగతి తెలిసిపోవును. ఇప్పుడు దాదాపు ప్రతి ఇంటను ఫోటో తీయగల ఫోను ఉన్నది గదా. పెదవిని ప్రక్కకు లాగి, మంచి వెలుతురున ఒక ఫోటో తీసి పంపినచో మిగిలిన సగమును తెలియును.

వంకర దంతములను సరిచేయు ప్రయత్నము చాల పాతది. 1728లో పియెర్ ఫోషార్ అను ఫ్రెంచి వైద్యుడు తాను వ్రాసిన దంతవైద్య గ్రంథములో, లోహపు పట్టీకి దారములతో దంతములను కట్టి సరిచేయు విధానమును వివరించెను. అమెరికా దేశమున ఎడ్వర్డ్ ఏంగిల్ 1899లో దంతముల పొందిక దోషములను మూడు తెగలుగా విభజించి, ఈ విద్యకు శాస్త్రరూపము నిచ్చెను. అయినను చాలకాలము ప్రతి పంటికిని ఒక లోహపు పట్టీ తొడుగవలసియే వచ్చెడిది. 1955లో మైకేల్ బ్యూనకోర్ అను శాస్త్రజ్ఞుడు, పంటిపైనున్న ఎనామిలుకు ఫాస్ఫారికు ఆమ్లమును కొద్దిసేపు పూసి కడిగినచో అది సన్నగా గరుకుబడి జిగురును గట్టిగా పట్టునని చూపెను. నేటి బిళ్లలు పంటికి అంటుకొనుట ఆ సూత్రము మీదనే.

ఈ చరిత్రను చెప్పుటకు కారణము కలదు. బిళ్లను పట్టియుంచునది మేకు కాదు, జిగురు. ఆ జిగురును సైతము మరీ గట్టిగా ఉండనీయరు. నమలునప్పుడు నిలువవలెను, రెండేండ్ల తరువాత వైద్యుడు తీయునప్పుడు పంటి పొర పగులక ఊడి రావలెను. ఈ రెంటి నడుమ దాని బలమును కుదిర్చిరి. కావున గట్టి వస్తువును కొరికినప్పుడు పంటికి బదులు బిళ్ల ఊడుట ఒక విధముగా మేలే. బిళ్ల ఊడిన బిడ్డను కొట్టవలదు, వైద్యునిపైనను కోపగించుకొనవలదు. మన ప్రాంతములలో మరొక విశేషము కూడ ఉన్నది. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలకు కలుగు వ్యాధిని మన దేశమున మొదట వెల్లడించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లానుండి. నల్లగొండ పేరు ఈ విషయమున అందరికిని తెలిసినదే. బాల్యమున అట్టి నీరు త్రాగి పెరిగినవారి దంతములపై మచ్చలుండును. ఆ పొర ఆమ్లమునకు సులభముగా లొంగదు. అట్టివారికి బిళ్లలు తరచుగా ఊడుట కలదు. ఆ సంగతి మొదటనే వైద్యునికి చెప్పినచో ఆయన తగిన జాగ్రత్త తీసికొనును.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. ముందుగా నిజమైన ఆపదలు. ఇవి అరుదు, కాని వీనియందు ఆలస్యము పనికిరాదు.

ఊడిన బిళ్ల గాని తీగముక్క గాని గొంతులోనికి జారుట మొదటిది. అది అన్నవాహికలోనికి పోయినచో, సాధారణముగా నాలుగైదు దినములలో మలముతో వెడలిపోవును. అయినను వైద్యునికి తెలుపవలెను. తీగముక్క పొడవుగానో వాడిగానో ఉన్నచో ఎక్స్‌రే తీయింపవలెను. అట్లుగాక బిడ్డ ఆగకుండ దగ్గుచున్నను, పిల్లికూతల వలె ఊపిరి కూయుచున్నను, ఉమ్మి మ్రింగలేకున్నను వెంటనే 108కు ఫోను చేయుడు. గట్టిగా దగ్గగలుగుచున్నంతసేపు దగ్గనిండు. నోటిలో వ్రేళ్లు పెట్టి వెదుకవలదు, ముక్క మరింత లోపలికి పోవును. దగ్గుటకును, మాటాడుటకును శక్తి లేకపోయినచో బిడ్డను ముందునకు వంచి, రెండు భుజపుటెముకల నడుమ అరచేతి మడమతో ఐదుమారులు గట్టిగా చరచుడు. రాకున్నచో వెనుక నిలిచి, బొడ్డుకు పైన, రొమ్ముటెముకకు క్రింద పిడికిలి ఉంచి, ఐదుమారులు లోపలికిని పైకిని ఒత్తుడు. సహాయము వచ్చువరకును ఈ రెంటిని మార్చి మార్చి చేయవలెను. దగ్గు తగ్గినంతమాత్రమున ముక్క పోయినదని తలచి ఇంటనే ఉండిపోవలదు. అది ఊపిరితిత్తుల గొట్టములో చిక్కి మౌనముగా ఉండవచ్చును. మన ఇండ్లలో గొంతులో ఏది పడినను అరటిపండో అన్నపు ముద్దయో మ్రింగించు అలవాటు కలదు. ఊపిరి తిరుగని బిడ్డకు ఆ పని ఎన్నడును చేయవలదు.

రెండవది, ముఖము వాచుట. తీగ బిగించిన తరువాత నొప్పి ఉండును గాని దవడ వాయదు. వాపుతోపాటు జ్వరము వచ్చుట, నోరు తెరువలేకపోవుట, మ్రింగుట కష్టమగుట, దవడ క్రింద గట్టిపడుట — ఇవి చీము పట్టినదనుటకు గుర్తులు. ఆ దినముననే, రాత్రియైనను, ఆసుపత్రికి చేరవలెను. వాపుపై వేడి కాపడము పెట్టి తెల్లవారువరకు చూచుట మంచిది కాదు. గొంతువైపు దిగిన వాపు ఊపిరిని అడ్డగించగలదు.

మూడవది, దెబ్బ తగులుట. కబడ్డీలోనో, క్రికెట్టు బంతి వచ్చియో మూతికి దెబ్బ తగిలినప్పుడు క్లిప్పులున్నవారి పెదవి తీగలలో చిక్కుకొనవచ్చును. లాగవలదు. శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టి రక్తము ఆపుచు వైద్యుని వద్దకు తీసికొనిపొండు. శాశ్వత దంతము పూర్తిగా ఊడి క్రిందపడినచో, దానిని మొదలు పట్టుకొనక, నమలు భాగమును మాత్రమే పట్టుకొని, మట్టి అంటియున్నచో పాలతో గాని మంచినీటితో గాని ఒక్కమారు కడిగి, వీలైన దాని గుంటలోనే నిలుపుడు. లేకున్నచో చల్లని పాలలో వేసి తీసికొని రండు. అరగంటలో వచ్చినచో నిలుచుటకు మంచి అవకాశము కలదు. గంట దాటినకొలది ఆశ తగ్గును. రుద్దవలదు, గుడ్డలో చుట్టి ఎండనీయవలదు. పాలపన్ను ఊడినచో మాత్రము తిరిగి పెట్టరాదు. క్లిప్పులతో ఆటలాడు పిల్లలు వైద్యుని అడిగి నోటితొడుగు చేయించుకొనుట మంచిది.

ఈ మూడును గాక మిగిలినవన్నియు నడిరాత్రి బస్సు పట్టవలసినవి కావు. అందు తరచుగా వచ్చునది తీగ చెంపకు గుచ్చుకొనుట. "డాక్టరుగారూ, తీగ పెరిగినది" అని పిల్లలు చెప్పుదురు. తీగ పెరుగదు. దంతములు దగ్గరకు జరిగి వరుస పొట్టియగును గనుక, వెనుక గొట్టములోనుండి తీగ చివర బయటకు వచ్చును. అనగా గుచ్చుకొనుట పలుమారులు చికిత్స సాగుచున్నదనుటకే గుర్తు. దీనికి మందు మైనము. క్లిప్పులు పెట్టిన దినముననే ఈ మైనపు డబ్బాను వైద్యుని అడిగి తెచ్చుకొనుడు. పట్నములోని మందుల అంగళ్లలోను దొరకును. చేతులు కడిగికొని, శనగగింజంత తీసి, వ్రేళ్ల నడుమ మెత్తపడువరకు నలుపవలెను. గుచ్చుకొనుచున్న చోటును శుభ్రమైన దూదితో తడి లేకుండ ఒత్తవలెను. తడి ఉన్నచో మైనము నిలువదు. చాలమంది "మైనము పెట్టితిమి, పనిచేయలేదు" అనుటకు కారణమిదియే. తరువాత తీగ కొనపై ఒత్తిపెట్టవలెను. తినునప్పుడును, పళ్ళు తోముకొనునప్పుడును తీసి, మరల క్రొత్తది పెట్టవలెను. పొరపాటున మ్రింగినను హాని లేదు. దీపపు కొవ్వొత్తిని కరగించి పోయుట మాత్రము చేయవలదు. మైనము లేని ఊరిలో చక్కెర లేని చూయింగుగమ్ముతో ఒక పూట గడుపవచ్చును.

తీగ సన్ననిదైనచో, పెన్సిలు చివరి రబ్బరును శుభ్రపరచి దానితో మెల్లగా పంటివైపునకు వంచవచ్చును. వంగలేదా, వదలివేయుడు. కత్తిరించుట కడపటి మార్గము. అదియును వైద్యునితో ఫోనులో మాటాడిన తరువాతనే, ఆయన వద్దకు రెండు మూడు దినములవరకు చేరు వీలు లేనప్పుడే. గోళ్లు తీయు కట్టరును మరిగిన నీటిలో ఉంచి తీసి, బిడ్డ తల ముందునకు వంచి, తీగ వెనుక తడిగుడ్డ ముక్క నుంచి కత్తిరింపవలెను. ఆ గుడ్డ ఎందుకనగా, తెగిన ముక్క ఎగిరి గొంతులో పడకుండుటకు. విద్యుత్తు పనివారి కటింగు ప్లయరు ఈ పనికి తగదు. అది తీగతోపాటు ప్రక్క బిళ్లను కూడ ఊడదీయును.

బిళ్ల ఊడినచో అది రబ్బరు ఉంగరముతో తీగను పట్టుకొనియే యుండి, పూస వలె తిరుగుచుండును. లాగవలదు. గుచ్చుకొనినచో మైనము పెట్టి, మరుసటి దినమున ఫోను చేయుడు. పూర్తిగా చేతికి వచ్చినచో కాగితములో చుట్టి దాచి తెండు. వెనుక దవడపంటి పట్టీ వదులైనను అంతే; అయితే దాని క్రింద అన్నము చేరి పన్ను పుచ్చును గనుక దానికి వారము దాటనీయవలదు.

తీగ మార్చిన కొన్ని గంటలకు నొప్పి ఆరంభమై మూడు నుండి ఐదు దినములుండుట సహజము. దంతములు కొంచెము కదలుచున్నట్లుండుటయు సహజమే. ఒకవైపు ఎముక కరగుచు, రెండవవైపు క్రొత్తది ఏర్పడుచుండగా పన్ను నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు జరుగును. కదలనిచో జరుగుట ఎట్లు? ఆ నాలుగు దినములు పెరుగన్నము, ఉప్మా, ఇడ్లీ, పప్పుచారు చాలును. గ్లాసుడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించినచో చెంపలోని పుండ్లు త్వరగా మానును. నొప్పికి పారసిటమాలు బిడ్డ బరువునుబట్టి వైద్యుడు చెప్పిన మోతాదులో ఈయవచ్చును. ఆస్పిరిను పిల్లలకు ఈయరాదు. మాత్రను చిగురుపై అదిమిపెట్టుట, లవంగనూనెను నేరుగా పోయుట, జర్దా నొక్కిపెట్టుట — ఇవి చిగురును కాల్చును. అట్లు కాలిన చిగుళ్లను మా ఆసుపత్రిలో చాల చూచితిమి.

ఇంతవరకు చెప్పినవన్నియు బాధ పెట్టునవి. బాధ పెట్టునది ఎట్లును మనలను వైద్యుని వద్దకు నడిపించును. నేను ముఖ్యముగా చెప్పవచ్చినది బాధ పెట్టని ఆపదను గూర్చి.

ఇంటర్మీడియటు చదువుచుండిన ఒక బాలిక హాస్టలులో ఉండగా కోరపంటి బిళ్ల ఊడినది. నొప్పి లేదు. పరీక్షలు వచ్చినవి, పిమ్మట కోతలు వచ్చినవి, తండ్రికి తీరిక లేదు. ఐదు నెలల తరువాత వచ్చునప్పటికి ఆ పన్ను పక్కకు తిరిగిపోయి, దాని చోటునకు ప్రక్క పన్ను జరిగియుండెను. తీగకు వైద్యుడు వచ్చినాడో రాలేదో తెలియదు; అది తన పని తాను చేయుచునే యుండును. ఆ బాలిక చికిత్స ఇంచుమించు సంవత్సరము వెనుకబడినది. తండ్రిని నిందించుటకు నాకు నోరు రాలేదు. పట్నమునకు ఒకమారు వచ్చుటయనగా ఇద్దరి బస్సు చార్జీలు, ఒక దినపు కూలి. ఈ మాట మీ వైద్యునికి సిగ్గుపడక చెప్పుడు. నికెలు, టైటానియము కలిసిన నేటి తీగలు చాలకాలము సన్నని బలమునే ఇచ్చును గనుక, పలువురికి ఆరు లేక ఎనిమిది వారముల కొకమారు వచ్చినను సరిపోవును. చికిత్స సామాన్యముగా ఒకటిన్నర నుండి రెండు సంవత్సరములు పట్టును. ఆ కాలమంతయు వచ్చుటకు వీలు లేదని ముందే తెలిసినవారు మొదలు పెట్టకుండుటయే మేలని నా అభిప్రాయము. వంకర పన్నుతో సుఖముగా జీవించువారు లక్షలమంది కలరు. సగములో విడిచిన క్లిప్పులతో సుఖపడినవారిని నేను చూడలేదు.

బాధ లేని రెండవ ఆపద పాచి. బిళ్ల చుట్టు అన్నము నిలిచి, తోమక వదలినచో నాలుగు వారములలోనే సున్నము వంటి తెల్లని మచ్చలు పడగలవు. క్లిప్పులు తీసిన దినమున దంతములు వరుసగా ఉండును, ప్రతిదాని నడుమను బిళ్ల ఆకారమున తెల్లని చట్రము ఉండును! వేపపుల్ల మంచిదే, కాని తీగ క్రిందికి అది పోజాలదు. మెత్తని బ్రష్షును, ఫ్లోరైడు గల పేస్టును వాడి, బిళ్లకు పైనను క్రిందను వేరువేరుగా, పడుకొనుటకు ముందు తప్పక తోమవలెను. తీగల సందులకు సన్నని సీసాబ్రష్షు వంటిది దొరకును. పేస్టులో ఫ్లోరైడు ఉన్నదని భయపడువారు ఉమ్మివేసినచో చాలును.

తినుబండారముల జాబితా చదివి పండుగ దినములలో మీ శాపములు పొందుట నాకు ఇష్టము లేదు. సూత్రము మాత్రము చెప్పెదను: ముందు పళ్ళతో కొరికి లాగునది, గట్టిగా పగులునది, సాగి అంటుకొనునది కూడదు. చెరకుగడ చీల్చుట, మొక్కజొన్న పొత్తు కొరుకుట, తేగ నమలుట, ఆవకాయ టెంక చీకుట, ఎముక కొరుకుట మొదటి రకము. సకినాలు, చేగోడీలు రెండవది. వేరుశనగ పాకము ఉండలు, జీళ్లు మూడవది. జామకాయను ముక్కలుగా కోసి దవడపళ్ళతో నమలినచో అభ్యంతరము లేదు. పొత్తు గింజలను ఒలిచి తినవచ్చును. పూతరేకులకు నా అనుమతి సంపూర్ణముగా కలదు, తరువాత నోరు కడిగినచో. పసుపు కూరలు తిన్నప్పుడు తెల్లని రబ్బరు ఉంగరములు పచ్చబడును. అది అందమునకే లోపము, ఆరోగ్యమునకు కాదు. అది ఇష్టము లేనివారు రంగు రబ్బరులు అడుగవచ్చును.

ఇచ్చట యువకులకు ఒక గట్టి హెచ్చరిక చేయక తప్పదు. ముందు పళ్ళ నడుమ సందు అదృష్టమని వెనుకటివారు అనెడివారు. ఇప్పుడు ఆ సందును తామే మూయదలచి, రెండు పళ్ళకును కలిపి మామూలు రబ్బరుబ్యాండు తగిలించుకొనువారు కలరు. పంటి వేరు చివరకు పోవుకొలది సన్నగును. రబ్బరు మెల్లగా జారి చిగురు లోపలికి పోవును, కంటికి కనబడదు. అది వేరు వెంట పైకి ప్రాకుచు ఎముకను హరించును. చిగురు ఎందుకు చీము కారుచున్నదో తెలియక తిరిగి తిరిగి, చివరకు నిక్షేపము వంటి రెండు ముందు పళ్ళను కోల్పోయినవారున్నారు. సందు మూయుటకు రబ్బరు వాడవలసి వచ్చినను, అది వైద్యుడు బిళ్లకు తగిలించునదే కావలెను. అట్లే, చికిత్స విసుగై ఊరిలోని చదువులేని దంతవైద్యుని చేత బిళ్లలను పీకించుకొనవలదు. బిళ్లతోపాటు పంటి పొర పెచ్చులుగా లేచును.

ప్రసంగము ముగియకముందే వెనుక వరుసనుండి ఒక అమ్మగారు చీటీ పంపిరి: "మా అమ్మాయికి క్లిప్పులు తీసివేసి తొడుగు ఇచ్చినారు. అది ఇప్పటికి రెండుమారులు పోయినది. ఏమి చేయవలెను?" మంచి ప్రశ్న. క్లిప్పులు తీసిన తరువాత ఎముక గట్టిపడువరకు దంతములు పాత చోటికి మరలజూచును; అందుకే ఆ తొడుగు. పోయిన దినముననే ఫోను చేసి చెప్పవలెను; నెల గడచినచో పాత అచ్చు సరిపోదు. దానిని వేడినీళ్లలో కడుగరాదు, వంకరపోవును. చన్నీళ్లలో మెత్తని బ్రష్షుతో కడుగుడు. బల్లమీద వదలినచో పెంపుడు కుక్క నమలివేయును. ఇది హాస్యము కాదు. అన్నిటికంటె ఎక్కువగా ఈ తొడుగులు పోవునది పెండ్లి విందులలో. భోజనమునకు ముందు తీసి విస్తరి అంచున పెట్టుదురు, ఆకు మడచి లేచిపోవుదురు, ఎత్తివేయువారు ఎత్తివేయుదురు. వైద్యుడు ఇచ్చిన డబ్బాను అమ్మాయి చేతిసంచిలో ఉంచి, తొడుగు నోటిలో లేనప్పుడెల్ల ఆ డబ్బాలోనే ఉండునట్లు చూడుడమ్మా.